120 వోల్టుల సామాను 230 వోల్టుల దేశానికి తీసుకెళ్తే ఏవి పనిచేస్తాయి, ఏవి కాలిపోతాయి?

కొత్తచిరునామా (ప్రశ్న):

అందరికీ నమస్కారం. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటు ఉండే దేశం నుంచి 230 వోల్టులు, 50 హెర్ట్జ్ ఉండే దేశానికి ఇల్లు మారుతున్నాం. పెట్టెలు సర్దేలోపు ఏది తీసుకెళ్ళాలో, ఏది ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయాలో తేల్చుకోవాలి.

ఉన్నవి ఇవి: రెండు ల్యాప్‌టాప్‌లు, ఫోన్ చార్జర్లు, ట్రిమ్మర్, 1875 వాట్ల హెయిర్ డ్రయ్యర్, బ్లెండర్, మైక్రోవేవ్, మంచం పక్కన పెట్టుకునే ప్లగ్గు గడియారం, టేబుల్ ల్యాంపు, లేజర్ ప్రింటర్, ఆరు సాకెట్ల పవర్ స్ట్రిప్.

అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే అన్నీ పనిచేస్తాయని కొందరంటున్నారు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొని ఇల్లంతా దాని మీదే నడిపించుకోమని ఇంకొందరు. పవర్ స్ట్రిప్ ఒక్కటి తీసుకెళ్ళి, దాని ప్లగ్గుకి అడాప్టర్ తగిలించి, మిగతావన్నీ అందులో గుచ్చుదామన్నది నా ఆలోచన. సరైనదేనా? తెలిసినవాళ్ళు వస్తువు వారీగా చెప్పగలరు.

రాగితీగ:

ముందు అడాప్టర్ సంగతి వదిలేయండి. అడాప్టర్ మార్చేది ప్లగ్గు ఆకారాన్ని మాత్రమే. లోపల మూడు రేకులు తప్ప ఏమీ ఉండవు. గోడలో 230 ఉంటే మీ వస్తువులోకి 230 యే వెళ్తుంది.

ప్రతి వస్తువునీ తిరగేసి లేబుల్ చూడండి. చార్జర్ల మీద అది బూడిదరంగులో చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే తేలిగ్గా చదవొచ్చు. 'ఇన్‌పుట్' అన్న మాట పక్కన ఉన్నదే చూడాలి, 'అవుట్‌పుట్' పక్కన ఉన్నది కాదు. 20 వోల్టులు, 5 వోల్టులు అని కనిపించేది అవుట్‌పుట్.

ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఆ వస్తువుకి ఏ దేశమైనా ఒకటే. ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఒకే అంకె ఉంటే 230 సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు. 115/230 అని గీత గీసి ఉంటే ఎక్కడో చిన్న మీట ఉందని అర్థం. పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల వెనక ఎర్రటి జారుడు మీట అదే. ఆ మీట 115 మీద ఉండగా 230 లో పెడితే ఫట్‌మని పేలుతుంది. ప్లగ్గు పెట్టకముందే స్క్రూడ్రైవర్‌తో జరపాలి, పెట్టాక కాదు.

వోల్టేజీ రెట్టింపైతే రెట్టింపు వేడి వస్తుంది, అంతేగా అనుకుంటారు చాలామంది. అంతే కాదు. వేడి చేసే వస్తువులో కాయిల్ నిరోధం మారదు కాబట్టి పవర్ వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, అంటే వోల్టేజీ రెట్టింపైతే పవర్ నాలుగింతలు. మీ డ్రయ్యర్‌నే తీసుకోండి. 125 వోల్టుల దగ్గర 1875 వాట్లంటే 15 ఆంపియర్లు, కాయిల్ సుమారు 8.3 ఓములు. అదే కాయిల్‌కి 230 ఇస్తే 27 ఆంపియర్లు దాటుతుంది, 6,300 వాట్లు పైమాటే. ఫ్యాను ఒక్కసారి బొయ్యిమని అరుస్తుంది, కాయిల్ నారింజరంగు దాటి తెల్లబడుతుంది, ప్లాస్టిక్ మాడువాసన వస్తుంది. బ్రేకర్ కాపాడుతుందిలే అని నమ్ముకోకండి. 16 ఆంపియర్ల బ్రేకర్ ఆ మాత్రం ఓవర్‌లోడ్‌కి వెంటనే పడదు, కొంత సమయం తీసుకుంటుంది. కాయిల్‌కి అంత సమయం అక్కర్లేదు.

అటునుంచి ఇటు వచ్చేటప్పుడు ఇదే లెక్క తిరగబడుతుంది. 230 కి చేసిన 2000 వాట్ల కెటిల్‌ని 120 లో పెడితే 545 వాట్లే లాగుతుంది. రెండున్నర నిమిషాల్లో కాగే లీటరు నీళ్ళకి పది నిమిషాలు పడుతుంది. ఏదీ కాలదు కానీ విసుగొస్తుంది.

సోల్డరింగ్‌ఐరన్:

పవర్ స్ట్రిప్ ఆలోచన మానుకోండి. మీ జాబితాలో అన్నిటికన్నా ప్రమాదం అదే, అన్నిటికన్నా అమాయకంగా కనిపించేదీ అదే. 'లోపల తీగలేగా' అనుకుని పెట్టెలో పడేస్తారు.

సర్జ్ ప్రొటెక్షన్, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ నుంచి రక్షణ, ఉన్న స్ట్రిప్‌లో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వేరిస్టర్ అని ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. మామూలు వోల్టేజీలో అది కరెంటును పోనివ్వదు. ఒక హద్దు దాటితే తెరుచుకుని ఎక్కువైనదాన్ని తన మీదుగా పోనిస్తుంది. 120 అన్నది సగటు లాంటిది, కరెంటు అల శిఖరం దగ్గర 170 వోల్టులుంటుంది. దానికి తగ్గట్టు, అంతకు కొంచెం పైన తెరుచుకునేలా ఆ బిళ్ళని ఎంచుతారు. 230 కరెంటు శిఖరం 325. అంటే సెకనుకి 100 సార్లు ఆ బిళ్ళ తెరుచుకుంటూనే ఉంటుంది. పిడుగు పడ్డప్పుడు సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ సేపు పనిచేయాల్సిన ముక్క అది. ఆగకుండా పనిచేస్తే వేడెక్కి పగులుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంటుకుంటుంది. అందులో పెట్టిన ల్యాప్‌టాప్ చార్జర్ 240 తట్టుకునేదే కావచ్చు, కానీ స్ట్రిప్ తట్టుకోదు.

సర్జ్ లేని మామూలు స్ట్రిప్ అయినా ప్లగ్గు, స్విచ్చు, ఇండికేటర్ దీపం 125 వోల్టులకే చేసి ఉంటాయి. వెనక అచ్చు పోసి ఉంటుంది చూడండి. వెళ్ళినచోట అక్కడి స్ట్రిప్ కొనుక్కోండి.

ఇంకో మాట. ల్యాప్‌టాప్, ప్రింటర్, మానిటర్ లాంటివాటికి అడాప్టర్ కన్నా తీగ మార్చుకోవడమే మంచిది. ఇటుకలాంటి చార్జర్‌లోంచి గోడవైపు తీగ ఊడి వస్తుంది కదా, చార్జర్‌లో దూరే ఆ చివర ఆకారాలు ప్రపంచమంతా ఒకటే. మూడు రేకుల ట్రెపిజియం ఆకారం సి 13, 10 ఆంపియర్ల దాకా. మూడు గుండ్రాలు కలిసిన ఆకు ఆకారం సి 5, ఇంగ్లీషు ఎనిమిది అంకె ఆకారం సి 7. ఈ రెండూ 2.5 ఆంపియర్ల దాకా. చార్జర్ చివర ఇదే ఉండి, గోడ చివర అక్కడి ప్లగ్గు ఉన్న తీగ కొంటే పని అయిపోతుంది. వదులు అడాప్టర్ వేలాడే బెడద ఉండదు, ఎర్త్ కూడా సరిగ్గా అందుతుంది.

లగేజీ23:

నా సలహా వేరే. 'ట్రావెల్ కన్వర్టర్' అని అరచేతిలో పట్టేవి దొరుకుతాయి, 1600, 2000 వాట్ల దాకా రాసి ఉంటుంది, బరువు అరకిలో కూడా ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ మోసేకన్నా అదొకటి కొనుక్కుని అన్నీ దాని మీద నడపండి.

రాగితీగ:

లగేజీ23 గారూ, ఆ సలహా విని బ్లెండర్, ప్రింటర్ దాని మీద పెడితే రెండూ పోతాయండి. అంత తేలికగా ఉండి అన్ని వాట్లు ఇవ్వగలుగుతోందంటేనే లోపల ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉండే రాగి చుట్టలు లేవని తెలుస్తోంది.

అది వోల్టేజీని తగ్గించదు, అలని కోస్తుంది. ప్రతి అలలో కొంత భాగాన్ని ఆపేసి మిగతాది వదులుతుంది. సగటున వేడి 120 కి సరిపడా వస్తుంది. కానీ కోత పడగా మిగిలిన భాగంలో శిఖరం 300 చుట్టుపక్కలే ఉండొచ్చు. ఇస్త్రీపెట్టె కాయిల్‌కి ఆ తేడా తెలియదు. ఎలక్ట్రానిక్ బోర్డులో ముందుండే, కరెంటును కాసేపు నిల్వ చేసే కెపాసిటర్ మాత్రం శిఖరం దాకా నిండుతుంది. 200 వోల్టుల కెపాసిటర్‌లో 300 నింపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కాయిల్ తప్ప ఇంకేమీ లేని వస్తువుకి, అదీ కాసేపే వాడాలి. ఇప్పటి డ్రయ్యర్లలో చాలావాటికి లోపల బోర్డు ఉంటోంది కాబట్టి వాటికీ పనికిరాదు.

అసలు ట్రాన్స్‌ఫార్మర్ అయితే వేరు. నిజంగా 120 ఇస్తుంది, బరువూ అలాగే ఉంటుంది. కొనేటప్పుడు మూడు చూడండి. వస్తువు మీద రాసిన వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉండాలి, మోటారైతే ఇంకొంచెం ఎక్కువ. మోటారు కదలడం మొదలైన క్షణంలో మామూలుకి కొన్ని రెట్లు లాగుతుంది. గంటసేపు నడిపాక చెయ్యి ఆనించలేనంత కాలితే అది చిన్నదైపోయిందని లెక్క. వాడనప్పుడు గోడ దగ్గరే ఆపేయాలి. ఖాళీగా ఉన్నా కొన్ని వాట్లు తింటూ సన్నగా ఝుమ్మంటూనే ఉంటుంది. ఇల్లంతా ఒకదాని మీద నడపడమన్నది మాత్రం జరిగే పని కాదు. ఒక వస్తువుకి ఒకటి అనుకోండి.

యాభైఅరవై:

అందరూ వోల్టేజీ దగ్గరే ఆగిపోయారు. ట్రాన్స్‌ఫార్మర్ 230 ని 120 చేస్తుంది కానీ 50 హెర్ట్జ్‌ని, అంటే సెకనుకి 50 అలల్ని, 60 చేయలేదు. మీ జాబితాలో రెండు వస్తువులు దీనికి దొరికిపోతాయి.

మొదటిది గడియారం. ప్లగ్గు గడియారాలు చాలావరకు క్వార్ట్జ్‌ని నమ్ముకోవు, కరెంటు అలల్ని లెక్కపెడతాయి. 60 అలలు వస్తే ఒక సెకను గడిచిందనుకుంటాయి. 50 చోట అవే 60 అలలు రావడానికి 1.2 సెకన్లు పడుతుంది. గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. రాత్రి 10 గంటలకి సరిచేసి పడుకుంటే, ఉదయం 6 కి అది 4:40 చూపిస్తుంది. అలారం పెట్టుకున్నవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. కొన్నిటి అడుగున 50/60 మీట ఉంటుంది, వెతకండి. బ్యాటరీతో నడిచే గడియారాలకి ఈ గొడవ లేదు.

ఈ లెక్క ఎంత సున్నితమో 2018 లో యూరప్‌లో చాలా దేశాలు చూశాయి. సెర్బియా, కొసావో మధ్య విద్యుత్తు తగాదాలో గ్రిడ్‌లోకి రావాల్సిన కరెంటు రాక, జనవరి మధ్య నుంచి మార్చి మొదటి దాకా సగటు ఫ్రీక్వెన్సీ 50 నుంచి 49.996 కి జారింది. అంత చిన్న తేడాకే ఓవెన్ గడియారాలు దాదాపు ఆరు నిమిషాలు వెనకబడ్డాయి. జపాన్‌లోనైతే ఒకే దేశంలో రెండూ ఉన్నాయి. 19వ శతాబ్దం చివర్లో టోక్యో జర్మన్ జనరేటర్లు, ఒసాకా అమెరికా జనరేటర్లు తెప్పించుకోవడంతో తూర్పున 50, పడమర 60 ఈనాటికీ అలాగే ఉండిపోయాయి. వోల్టేజీ మాత్రం రెండు చోట్లా 100.

రెండోది మైక్రోవేవ్. లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకమైతే, దాన్ని 60 కి సరిపడా ఇనుముతోనే చుట్టి ఉంటారు. 50 ఇస్తే ఆ ఇనుములో అయస్కాంత బలం 20 శాతం పెరగాలి, అంత పట్టదు. ఫలితం కాయిల్‌లోకి అదనపు కరెంటు, మోత, వేడి. బయట వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మంచిది పెట్టినా ఇది తప్పదు. ఇచ్చేయండి.

బ్లెండర్ మోటారు వేరే జాతి. కార్బన్ బ్రష్‌లుండే యూనివర్సల్ మోటారు అది. తిరిగేటప్పుడు గాలి రంధ్రాల్లోంచి చిన్న నీలిరవ్వలు కనిపిస్తాయి, అదే గుర్తు. దానికి ఫ్రీక్వెన్సీ పట్టదు, 120 అందితే చాలు. కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తుంది. అంత మోత అవసరమా అన్నది మీ ఇష్టం.

కొత్తచిరునామా:

అందరికీ ధన్యవాదాలు. పవర్ స్ట్రిప్ పెట్టెలోంచి తీసేశాను. లేబుళ్ళు చూశాను. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్లు, ట్రిమ్మర్ 100-240. డ్రయ్యర్, బ్లెండర్, మైక్రోవేవ్, గడియారం 120 మాత్రమే. లేజర్ ప్రింటర్ మీద 110-127 అని ఉంది. ల్యాంపుకి లేబుల్ ఏమీ కనిపించలేదు, బల్బు మీద 120 అని ఉంది.

ఇంకో రెండు సందేహాలు. 230 దేశాల్లో ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెడితే జిల్లుమంటుందని కొందరు రాశారు. అది షాకేనా? ట్రిమ్మర్ స్నానాలగదిలో వాడుకోవచ్చా?

మూడోపిన్ను:

జిల్లుమనడం గురించి నేను చెప్తాను. చార్జర్ లోపల రేడియో గోల బయటికి పోకుండా ఒక చిన్న కెపాసిటర్ పెడతారు. దాని మీదుగా అతి కొద్ది కరెంటు ల్యాప్‌టాప్ లోహపు ఒంటికి చేరుతుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల తీగ వాడితే ఆ ఒళ్ళు గోడ వోల్టేజీలో సగం దగ్గర తేలుతూ ఉంటుంది. 120 దేశంలో సగం 60, ఎవరూ పట్టించుకోరు. 230 లో సగం 115, చేతికి తెలుస్తుంది. అందుకే అదే ల్యాప్‌టాప్, అదే చార్జర్, దేశం మారగానే కొత్తగా అనిపిస్తుంది.

గుర్తుపట్టే తీరు ఇది. వేలి వెనకభాగాన్ని లోహం మీద ఆనీ ఆనకుండా మెల్లగా జరపండి. నున్నటి లోహం గరుకుగా, సన్నగా వణుకుతున్నట్టు తగులుతుంది. గట్టిగా అరచెయ్యి పెడితే ఏమీ తెలియదు. చార్జర్ పీకగానే పోతుంది. ఇది ప్రమాదం కాదు, కరెంటు మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగమే. ఎర్త్ ఉన్న మూడు పిన్నుల తీగ పెడితే పోతుంది. చెయ్యి వెనక్కి లాక్కునేలా కొడితే మాత్రం అది వేరు. ఆ చార్జర్ పక్కన పెట్టేయండి, మళ్ళీ వాడకండి.

కానీ మూడో పిన్ను ఉన్నంతమాత్రాన ఎర్త్ అందినట్టు కాదు. 'అన్ని దేశాలకీ ఒకటే' అని అమ్మే అడాప్టర్లలో చాలావాటికి మూడో పిన్ను ఉత్త ప్లాస్టిక్. లోపల ఏమీ కలిపి ఉండదు. టైప్ జి సాకెట్లలో, అంటే బ్రిటన్ రకం వాటిలో, పై పిన్ను లోపలికి వెళ్తేనే కింది రంధ్రాల మూతలు తెరుచుకుంటాయి. అందుకే ఆ ప్లాస్టిక్ పిన్ను పెడతారు. పెన్ను గుచ్చి ఆ మూత తెరిచి రెండు పిన్నుల ప్లగ్గు దూర్చేవాళ్ళున్నారు. దయచేసి చేయకండి. చిన్న పిల్లల కోసం పెట్టిన మూత అది.

వదులు బిగింపు ఇంకో చెడ్డ సంగతి. యూరప్ సన్న ప్లగ్గు పిన్నులు 4 మిల్లీమీటర్లు. గుండ్రటి మూడు రంధ్రాల టైప్ డి సాకెట్ 5.1 మిల్లీమీటర్ల పిన్నులకి చేసింది. రెండింటి మధ్య దూరం దగ్గర దగ్గరగా ఉండటంతో దూరిపోతుంది, చార్జింగూ అవుతుంది. కానీ లోపల రేకు సరిగ్గా పట్టుకోదు. ఫోన్ చార్జర్‌తో సరిపోవచ్చు. ఎక్కువ కరెంటు లాగే వస్తువు పెడితే ఆ కొసన నిప్పురవ్వలొచ్చి సాకెట్ నల్లబడుతుంది. ఏ అడాప్టరైనా పది నిమిషాలు నడిపాక ప్లగ్గు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చురుక్కుమంటే తీసేయండి.

స్నానాలగది: అక్కడి అలవాటు దేశాన్నిబట్టి ఉంటుంది. ఉత్తర అమెరికాలో గోడకి మామూలు సాకెట్టే ఉంటుంది, కాకపోతే 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే మీట దాని మీదే ఉంటుంది. బ్రిటన్‌లో మామూలు సాకెట్ సాధారణంగా కనిపించదు. షేవర్ సాకెట్ అని వేరే ఉంటుంది, లోపల విడి ట్రాన్స్‌ఫార్మర్‌తో. ట్రిమ్మర్, బ్రష్షు చార్జర్ వరకే దాని శక్తి. అందులో డ్రయ్యర్ పెట్టే పనే లేదు. మిగతా యూరప్‌లో ఇంటి కరెంటు బోర్డు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోయే రక్షణ ఉంటుంది. మీ ట్రిమ్మర్ 100-240 కాబట్టి ఎక్కడైనా సరే, సింకుకి దూరంగా చార్జ్ చేసుకుని తర్వాత వాడుకోండి.

ఇంకొకటి, మీరు వెళ్ళేచోట సాకెట్ పక్కన స్విచ్చు ఉండొచ్చు. ఉత్తర అమెరికాలో ఉండదు కాబట్టి దాన్ని నొక్కాలన్న ఆలోచనే రాదు. చార్జర్ పాడైందనుకునే ముందు స్విచ్చు చూడండి.

సోల్డరింగ్‌ఐరన్:

లేజర్ ప్రింటర్ ఇచ్చేయండి. కాగితం మీద పొడిని కరిగించే రోలర్‌లో హీటర్ ఉంటుంది, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. దానికి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ ప్రింటరంత బరువు. పైగా కొన్ని ప్రింటర్లు అమ్మిన ప్రాంతం కార్ట్‌రిడ్జ్ తప్ప వేరేది ఒప్పుకోవు. అక్కడ కొన్నది పెడితే 'సరిపోలేదు' అని తెర మీద చూపి ఆగిపోతుంది.

ల్యాంపు మాత్రం తీసుకెళ్ళండి. అందులో ఉన్నది తీగ, స్విచ్చు, బల్బు పట్టే గిన్నె మాత్రమే. ఆ బల్బు ఇక్కడే వదిలేయండి, 230 లో పెట్టగానే పోతుంది. గిన్నె మర 26 మిల్లీమీటర్లు, అక్కడి పెద్ద మర బల్బు 27. కొంచెం బిగుతుగా అయినా ఎక్కుతుంది. తీగ, ప్లగ్గు, స్విచ్చు 120 దేశం కోసం చేసినవి కాబట్టి మూడూ ఎలక్ట్రీషియన్‌తో మార్పించండి, అరగంట పని. లోహపు ల్యాంపయితే మూడు తీగల కేబుల్ వేయించి, ఎర్త్ తీగని ల్యాంపు ఒంటికి బిగించమని చెప్పండి. టచ్ చేస్తే వెలిగే రకమో, డిమ్మర్ ఉన్నదో అయితే లోపల బోర్డు ఉంటుంది. అప్పుడు ఈ లెక్క చెల్లదు, ఏ రకమో ఇక్కడ రాయండి.